దానికి ఇల్లు దొరికింది, పెండ్లామే దొరకల్యా!

పోయిన ఎండాకాలం నల్లమాడలో మా అవ్వ ఇంట్లో ఉన్నా. అలారం కంటే ముందే నన్ను లేపేసింది ఒక మగ పిచ్చుక. మట్టి మిద్దె దూలం సందు దగ్గర కూర్చుని ఒకటే చిర్ప్... చిర్ప్... ఆపితే ఒట్టు! "ఏందవ్వా దీని గోల?" అంటే అవ్వ నవ్వి, "దానికి ఇల్లు దొరికింది నాయనా, పెండ్లామే ఇంగా దొరకల్యా" అంది.

జోక్ అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, అవ్వ మాట నిజమేనని. మగ పిచ్చుకకు కోయిలలా రాగాలు తీయడం రాదు. ఉన్న ఒక్క చిర్ప్‌నే గూడు పక్కన కూర్చుని పదేపదే అంటుంది. "మంచి సందు ఉంది, వచ్చి చూస్కో" అని ఆడ పిచ్చుకకు పిలుపన్నమాట. జోడీ కుదిరాక ఆ జోరు తగ్గుతుంది.

కిచకిచలన్నీ ఒకటి కాదు. పిల్లి కనిపిస్తే గరగరమంటూ హెచ్చరిక. సాయంత్రం చెట్టు మీద గుంపంతా కలిసి కబుర్లు. గూట్లో పిల్లలది సన్నని ఆకలి కేక.

ఆ కేక తల్లికి వినపడకపోతే? ఇంగ్లండ్ దగ్గర లండీ అనే దీవిలో జనరేటర్ల చప్పుడు మధ్య ఉన్న పిచ్చుక గూళ్లను శాస్త్రవేత్తలు గమనించారు. 2012లో ఫలితాలు చెప్పారు. చప్పుడున్న చోట తల్లులు తిండి తెచ్చింది తక్కువసార్లు, పిల్లల బరువూ తక్కువే. కేక సరిగా వినపడకపోవడమే కారణం కావచ్చని వాళ్ల అంచనా. గూటి కింద డీజే బాక్సు పెట్టే ముందు ఇది గుర్తు చేసుకోండి.

పిచ్చుకలు అంతరించాయని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటుంది. కానీ 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది హైదరాబాద్, బెంగళూరు లాంటి మహానగరాల్లో. అంటే ఊళ్లే వాటికి దిక్కు. ఆ ఊళ్లలోనూ మిద్దెలు పోయి స్లాబులొస్తున్నాయి. స్లాబుకు సందులెక్కడివి?

అవ్వ ఇంటికీ ఈ ఏడాది స్లాబు పడింది. సజ్జ కింద, పిల్లికి అందని ఎత్తులో, చిన్న చెక్కపెట్టె బిగించాం. దానికి 3.5 సెంటీమీటర్ల కన్నం. చాలా రోజులు ఏ పిచ్చుకా రాలేదు. నిన్న పొద్దున్నే అవ్వ ఫోన్ చేసింది. ఏమీ మాట్లాడలేదు. ఫోను పైకెత్తి పట్టుకున్నట్టుంది.

చిర్ప్... చిర్ప్...