పగటి నిద్రకు కాపలా

మే 12 అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. 1820లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన రోజు. ఆ వారమంతా అమెరికా ఆసుపత్రుల్లో పిజ్జాలు, కేకులు, ధన్యవాదాల బ్యానర్లు. ఇక్కడి మన తెలుగు సంఘాల్లోనూ నర్సులకు శాలువాలు కప్పుతాం, ఫొటోలు దిగుతాం. మంచిదే. కానీ ఆ శాలువా కప్పుకున్న మనిషి కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అడిగేవాళ్లు తక్కువ.

ఇక్కడ నర్సులకు చాలాచోట్ల వారానికి మూడు షిఫ్టులు, ఒక్కొక్కటి పన్నెండు గంటలు. "నాలుగు రోజులు సెలవేగా" అంటారు బయటివాళ్లు. రాత్రి ఏడింటికి ఎక్కిన డ్యూటీ ఉదయం ఏడింటికి ఠంచనుగా దిగదు. పగటి నర్సుకు రిపోర్ట్ చెప్పాలి, మిగిలిన చార్టింగ్ ముగించాలి. ఇంటికొచ్చి పడుకున్నా ఐసీయూ మానిటర్ల మోత చెవుల్లోనే ఉంటుంది. కాస్త కన్ను మూతపడగానే "ఆరింటి మందు చార్ట్ చేశానా?" అని ఉలిక్కిపడి లేస్తారు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు మన పెద్దలు. నైట్ డ్యూటీ చేసేవాళ్ల దగ్గర ఆ రెండో మాట చెల్లదు. మెత్తటి పరుపున్నా, ఒళ్లు హూనమైనా నిద్ర రాదు.

ఇది మనసు బలహీనత కాదు. ఒంట్లో ఒక గడియారం ఉంది. దాని లోగుట్టు విప్పినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. వెలుతురు పడితే ఆ గడియారం మేలుకోమంటుంది. డ్యూటీ దిగి ఎండలో కారు నడుపుకుంటూ వచ్చే నర్సుకు అప్పుడే తెల్లవారినట్టు లెక్క. అందుకే పగటి నిద్ర పలచన, పొట్టి. 1976 నుంచి అమెరికా నర్సుల ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఏళ్ల తరబడి మారే నైట్ షిఫ్టులు చేసినవాళ్లలో మధుమేహం ఎక్కువగా కనిపించింది. అసలే మధుమేహం ముప్పు ఎక్కువున్న జాతి మనది. ఇక మనసు సంగతి: నిద్ర చాలకపోతే దిగులు, దిగులు పట్టుకుంటే నిద్ర దూరం. మొదట చిరాకు, తర్వాత పిల్లల మీద అరుపులు, ఆ తర్వాత దేనిమీదా ఆసక్తి లేకపోవడం.

సరుకు లారీ డ్రైవరు పది గంటల విశ్రాంతి తర్వాత పదకొండు గంటలకు మించి బండి నడపకూడదని ఈ దేశంలో ఫెడరల్ నిబంధన ఉంది. రోగుల ప్రాణాలు చేతుల్లో పెట్టుకుని తిరిగే నర్సుకు అలాంటి జాతీయ హద్దు లేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం తప్పనిసరి ఓవర్‌టైమ్‌కు కళ్లెం వేశాయి. మిగతాచోట్లా ఆ చట్టాలు రావాలని నర్సులు అడుగుతున్నప్పుడు మన సంఘాలు పక్కన నిలబడాలి.

చట్టం వచ్చేలోగా మన ఇంట్లో మనం చెయ్యగలిగింది ఉంది. వేసవిలో అమెరికా తూర్పు తీరాన ఉదయం ఎనిమిదిన్నర అంటే గుంటూరులో, వరంగల్లులో సాయంత్రం ఆరు. అమ్మానాన్నలు, అత్తమామలు తీరిగ్గా కూర్చుని వీడియో కాల్ చేసే వేళ. ఇక్కడ కోడలు కర్టెన్లు మూసి అప్పుడే నడుం వాల్చే వేళా అదే. ఫోనెత్తకపోతే నిష్ఠూరం, ఎత్తితే "పట్టపగలు నిద్రేమిటమ్మా?" అని ప్రశ్న. దానికి జవాబు కోడలి చేత చెప్పించకండి, కొడుకే చెప్పాలి. డ్యూటీ దిగొచ్చిన మనిషి చేత వంట చేయించకండి. మగ నర్సులున్న ఇళ్లకూ ఈ మాటే. శనివారం పొద్దున్నే పూజ పెట్టుకుని, దానికి రాని నర్సును తప్పుపట్టకండి.

ఇక నర్సు సోదరీ సోదరులకు ఒక మాట. నిద్రలేమి పాతబడితే మాత్రల కంటే ముందు నిద్రకు సంబంధించిన ప్రవర్తనా చికిత్స గురించి డాక్టరును అడగండి. "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో, లైసెన్సుకు ముప్పేమో" అని దిగులును దాచుకోకండి. 2020లో కొవిడ్ ధాటికి కుంగి ప్రాణం తీసుకున్న న్యూయార్క్ డాక్టర్ లోర్నా బ్రీన్ పేరిట, వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం 2022లో ఫెడరల్ చట్టమే వచ్చింది. బతుకు భారమనిపిస్తే ఇక్కడ ఏ వేళైనా 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి, ఇండియాలో ఉన్న మనవాళ్లకు టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది.

ఈ మే నెలలో శాలువాతో పాటు ప్రతి నర్సు ఇంటికీ మందపాటి కర్టెన్లు ఒక జత ఇవ్వాలని మన సంఘాల కార్యవర్గాలను కోరుతున్నాం. వాటి వెనక నిద్రపోతున్న మనిషిని లేపకుండా ఉండే బాధ్యత మాత్రం మనందరిదీ.