నాటకశాల వెనక చదువు

ఈ సంచిక పెద్దల చదువుకు. ముఖచిత్ర కథనం లండన్ మోర్లీ కాలేజీది. ఎమ్మా కాన్స్ నడిపిన ఓల్డ్ విక్ నాటకశాలలో 1882లో ఒక్క పెన్నీకే సైన్సు ఉపన్యాసాలు మొదలయ్యాయి. పగలంతా ఒళ్లు వంచి పనిచేసినవాళ్లు వచ్చి విన్నారు, ఇంకా నేర్పమన్నారు. 1889లో వేదిక వెనక గదుల్లోనే కాలేజీ వెలిసింది, ఆడా మగా తేడా లేకుండా. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు!

1907 నుంచి స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ అక్కడ సంగీతం నేర్పాడు. తర్వాత కాలేజీ నాటకశాల వదిలి వేరే భవనానికి మారింది. యుద్ధకాలంలో, 1940 అక్టోబరులో బాంబు పడి ఆ భవనం కూలింది. లోపల తలదాచుకున్నవాళ్లెందరో చనిపోయారు, గోడల మీది ఎడ్వర్డ్ బాడెన్, ఎరిక్ రవిలియస్ చిత్రాలూ పోయాయి. 1958లో కొత్త భవనం తెరిచారు. బాడెన్ తిరిగొచ్చి భోజనశాల గోడల మీద కవి చాసర్ కథల్లోని యాత్రికులను చిత్రించాడు. పింగాణీ పని, ముద్రణ కళ, సంగీతం ఇప్పటికీ అక్కడ నేర్పుతున్నారు. మన ఊళ్లలోనూ సాయంత్రాలు ఇలాంటి తలుపులు తెరిచి ఉండాలని మా కోరిక.

- సంపాదకుడు