ఆకులో మిగిలిన ఓళిగ

పరదేశం వెళ్ళివచ్చినవాళ్ళు అక్కడి మేడలనూ, రైళ్ళనూ, మ్యూజియములనూ వర్ణిస్తారు. నన్నెవరైనా "బార్సెలోనాలో ఏం చూశావమ్మా?" అని అడిగితే, ఒకరింట్లో భోంచేసి వచ్చాను అంటాను. నవ్వుతారు. నవ్వనివ్వండి. మధ్యాహ్నం రెండున్నరకు కూర్చుని సాయంత్రం ఏడింటికి లేచిన భోజనం అది. పదిహేనేళ్ళుగా నా కడుపులో పెట్టుకున్న ఒక కోపం కూడా ఆ బల్ల దగ్గరే దిగిపోయింది.

ఉరవకొండకూ స్పెయిను దేశానికీ ఏం చుట్టరికం అని మీకు తోచవచ్చు. మా అనంతపురం జిల్లావాళ్ళకు ఆ సందేహం రాదు. బార్సెలోనాలో 1920లో పుట్టిన విసెంతె ఫెర్రర్ గారు జెసూట్ సంఘం తరఫున 1952లో బొంబాయికి వచ్చి, 1969లో అనంతపురం చేరారు. మరుసటి ఏడు సంఘం విడిచి పెళ్ళి చేసుకున్నారు. 2009 జూన్ 19న కన్నుమూసేదాకా మా కరువుగడ్డ మీదే వున్నారు. ఆర్.డి.టి. అంటే మా పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. స్పెయినులో ఎన్నో కుటుంబాలు ఇక్కడి పిల్లనో పిల్లవాడినో ఒకరిని తమవాళ్ళుగా పేరు రాయించుకుని నెలనెలా కొంత సొమ్ము పంపుతాయి. ఓపిక వున్నవాళ్ళు ఒకసారి వచ్చి ఆ పిల్లను కళ్ళారా చూసుకుని పోతారు. మహా షావుకార్లు అనుకునేరు! మా దంపతుల్లో ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఆవిడ ఆసుపత్రిలో నర్సు.

వాళ్ళ పిల్ల వుండే పల్లెలోనే మావారు బడిపంతులు. ఆ పరిచయంతో 2003 జనవరిలో వాళ్ళను ఇంటికి భోజనానికి పిలిచారు. పిలవడం తేలికే! అంతకుముందు ఏడు వానలు మొహం చాటేశాయి. మాకున్న నాలుగెకరాల శెనక్కాయ పంటలో విత్తనం ఖర్చు కూడా రాలేదు. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వస్తే బిందెల యుద్ధం. సముద్రం దాటి వచ్చిన చుట్టాలకు సంగటీ ఊరిబిండీ పెడతామా అని మా అత్తగారు పట్టుబట్టి ఓళిగలు చేయించింది. బెల్లం అరువు. నెయ్యి పక్కింటివాళ్ళ నుంచి పెరటిదారిన గిన్నెలో తెచ్చింది.

ఆ మహాతల్లి ఏం చేసిందనుకున్నారు? ఒక ఓళిగ తిన్నది. రెండోది సగం తుంచి, మిగతా సగమూ, మూడోదీ ఆకులో ఒక వారగా జరిపి దణ్ణం పెట్టి లేచింది. "దొరసానికి మన తిండి ఎక్కలేదు లేవే" అని మా అత్తగారు ఆ రాత్రి ముద్ద ముట్టలేదు. ఆవిడ పోయేదాకా ఆ మాట మరచిపోలేదు. నేనూ మరచిపోలేదు. ఏటేటా కొత్త సంవత్సరానికి కార్డు వచ్చేది, మావారు జవాబు రాసేవారు, కింద నేనూ సంతకం పెట్టేదాన్ని. మనసులో మాత్రం ఆ సగం ఓళిగ అలాగే వుంది.

మా అబ్బాయికి ఉద్యోగం బార్సెలోనాలో వచ్చింది. 2018 మేలో మేము వెళ్ళాము. ఆదివారం తమ ఇంటికి రమ్మన్నారు. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. బల్ల చూసేసరికి నాకు గుండె ఝల్లుమంది. మేము మాంసం ముట్టమని అబ్బాయి ముందే చెప్పాడట, గుడ్డుకు అభ్యంతరం లేదని కూడా. అయినా ఎన్ని రకాలు! ఆలివ్ కాయలు, వేయించిన బాదంపప్పు. కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది, పండిన టమేటా అడ్డంగా కోసి రుద్ది, నూనె చిలకరించి ఉప్పు చల్లారు. కాతలోనియా వాళ్ళకు అది లేనిదే పూట గడవదట. ఉర్లగడ్డ, గుడ్లు కలిపి చేసిన మందపాటి అట్టు. వంకాయలూ పెద్ద మిరపకాయలూ నిప్పుల వేడికి నల్లగా కమిలేలా కాల్చి, తోలు ఒలిచి, చీలికలు చేసి నూనెలో పరిచారు. దాన్ని ఎస్కలివాద అంటారు. నాకు మా కాల్చిన వంకాయ పచ్చడి గుర్తొచ్చింది, చింతపండు ఒక్కటే తక్కువ. ఇక రొమెస్కో అని ఒక పచ్చడి: ఎండుమిరప, వేయించిన బాదం, కాల్చిన వెల్లుల్లి, టమేటా కలిపి నూరినది. బాదం తీసి శెనక్కాయలు వేస్తే అది మా ఊరిబిండికి కడగొట్టు చెల్లెలు. ఆశ్చర్యమెందుకు? మిరపా, టమేటా, ఉర్లగడ్డా, శెనక్కాయా అన్నీ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే. 1492కు ముందు వాళ్ళకూ లేవు, మనకూ లేవు.

అసలు సంగతి పాయెయ. ఆవిడది వలెన్సియా వైపు పల్లె, ఆ వంటకం పుట్టిల్లు అదే. రెండడుగుల వెడల్పున్న పల్చటి ఇనుప పెనం, లోతు నాలుగు వేళ్ళు కూడా వుండదు. అసలు పద్ధతిలో కోడీ కుందేలూ పడతాయి. మా కోసం చిక్కుళ్ళూ, తెల్ల గింజలూ, ఆర్టిచోకు అనే పూమొగ్గలూ వేసింది. కూరలు నూనెలో వేగాక నీళ్ళూ, కుంకుమపువ్వూ, ఆపైన పొట్టి బియ్యం. బియ్యం పడ్డాక గరిట పెట్టకూడదు. నేను అలవాటు కొద్దీ చెయ్యి చాపితే టక్కున పట్టుకుంది! కలిపితే గంజి కారి ముద్దవుతుందట. నీరు ఇగిరి అడుగున చిటపట మొదలైతే చెవి పెట్టి వినాలి. ఆ అడుగు అంటిన ఎర్రటి మాడుకు సొకర్రాత్ అని పేరు. దానికోసం ఇంట్లో పోట్లాటలట. మా ఇంట్లోనూ అంతే, పేరు పెట్టలేదు గాని.

చివర పాలూ గుడ్డు సొనా కాచి, నిమ్మతొక్కా దాల్చినచెక్కా వాసన పట్టించిన తీపి. పైన పంచదార చల్లి ఎర్రగా కాల్చిన ఇనుముతో అంటించింది. అదయ్యాక ఎవరూ లేవరు. తిన్నచోటనే కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి వాళ్ళ భాషలో ఒక మాటే వుంది, సొబ్రెమెసా అని. మనకూ ఆ అలవాటు వుంది గాని, ఎంగిలి చెయ్యి ఎండిపోతోందని పెద్దవాళ్ళు కసురుతారు.

ఆ కబుర్లలోనే నేను నోరు జారాను. "ఇంత పెట్టింది గదా, మా ఇంట్లో మాత్రం ఓళిగ సగం వదిలేసింది. అడుగురా" అన్నాను అబ్బాయితో. వాడు నవ్వుతూ స్పానిష్‌లో అడిగాడు. ఆవిడ నవ్వలేదు.

స్పెయినులో అంతర్యుద్ధం ముగిసిన 1939 నుంచి 1952 దాకా రేషను కార్డులు వుండేవట. ఆవిడ 1944లో పుట్టింది. ఆరేళ్ళప్పుడు, వాళ్ళమ్మకు మేనమామ పట్నం నుంచి వచ్చాడు. వాళ్ళమ్మ ఎవరినో అడిగి రెండు గుడ్లు తెచ్చి అట్టు వేసింది. ఆయన తిన్నాడు, పళ్ళెం రొట్టెముక్కతో తుడుచుకుని మరీ తిన్నాడు. "ఆయన చెడ్డవాడు కాడు. 'పిల్లలు తిన్నారు, మీరు కానివ్వండి' అంటూ మా అమ్మ చెయ్యి ఊపింది. నేనూ మా తమ్ముడూ తలుపు వెనకాల నిలబడి వున్నాము."

కొంచెం ఆగి, "మీ ఇంట్లో మీ అత్తగారు చెయ్యి ఊపింది. పెరటి తలుపులోంచి నెయ్యి గిన్నె రావడం చూశాను. తలుపు వెనకాల ఇద్దరు పిల్లలు కనబడ్డారు" అన్నది.

మా అబ్బాయి సగంలో తర్జుమా ఆపేశాడు. ఆ తలుపు వెనకాల నిలబడ్డ తొమ్మిదేళ్ళవాడు వాడే.

"ఏమన్నదిరా?" అన్నారు మావారు. చెప్పాడు. తర్వాత నా వైపు చూడకుండా, "నాన్నమ్మ ఆ ఆకు పెరట్లో పారేసి రమ్మంది గదమ్మా. నేనూ చెల్లీ బావి వెనకాల కూర్చుని తిన్నాము. ఎంగిలని తిడతావని చెప్పలేదు" అన్నాడు.

నాకు మాట రాలేదు. మావారు గొంతు సవరించుకుని, ఈ బియ్యం కిలో ఎంతని అడిగారు. మగవాళ్ళంతే. ఆవిడ మాత్రం లేచి, పెనం అడుగున మిగిలిన మాడంతా గీకి నా పళ్ళెంలో పెట్టింది. ఒక్క మెతుకు వదలలేదు నేను.

2019 జనవరిలో వాళ్ళు మళ్ళీ ఉరవకొండ వచ్చారు. మా అమ్మాయి పిల్లలనూ, పక్కింటి పిల్లలనూ పిలిచి, ముందు బంతిలో వాళ్ళను కూర్చోబెట్టి వడ్డించాను. ఆవిడ గడప దగ్గర కుర్చీ వేసుకుని వాళ్ళు తినడమంతా చూసింది. తర్వాత తానూ కూర్చుని మూడు ఓళిగలు తిన్నది, నెయ్యి అడిగి మరీ వేయించుకున్నది. నాలుగోదానికి చెయ్యి అడ్డం పెట్టింది గాని, అది మర్యాదకే!