సెవులపిల్లికి ఏ తుపాకీ?

మన కుర్రాళ్లు నలుగురు చేరితే ఇప్పుడు మాట్లాడుకునేది డీఎస్సీ గురించి కాదు, పోడు పట్టాల గురించి అంతకన్నా కాదు. "మాస్టారూ, సెవులపిల్లికి ఏ తుపాకీ బాగుంటాది?" అని నన్నే అడిగినవాళ్లున్నారు. ఒకడు నాటు తుపాకీ అంటాడు. ఇంకొకడు ఎయిర్ గన్ అంటాడు, దానికి లైసెన్సు అక్కర్లేదట. సెల్లులో వీడియోలు చూసి గొట్టం పొడవు, గుండు బరువు లెక్కలు చెబుతారు. ఆ శ్రద్ధ బడిలో ఉన్నప్పుడు చూపించి ఉంటే నాకు సగం పని తగ్గేది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. సెవులపిల్లికి తగిన తుపాకీ లేదు. తుపాకీ మన వేటలోది కాదు. భుజాన నాటు తుపాకీ వేసుకున్న మనిషి బొమ్మ గీసి, కిందన "ఆదివాసీ సంస్కృతి" అని రాసే మన కవులతో, రచయితలతో కూడా నాకు పేచీ ఉంది.

వీడియోల సంగతి ముందు. అవి ఇంగ్లండువి, ఆస్ట్రేలియావి. అక్కడి కుందేలు బొరియలు తవ్వుకుని గుంపుగా బతుకుతుంది. మన సెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డిలోనో పొద కిందనో ఒంటరిగా నేలకు కరుచుకుని పడుకుంటుంది. 1859లో ఆస్ట్రేలియాలో థామస్ ఆస్టిన్ అనే దొర వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి రెండు డజన్ల కుందేళ్లు తెప్పించి వదిలాడు. అవి దేశమంతా పాకి పచ్చిక, పంటా మేసేశాయి. అక్కడి రైతు తుపాకీ పట్టాడంటే ఆ దొర తెచ్చిన పీడ వదిలించుకోవడానికి. మన కొండ మీద సెవులపిల్లి చేసే నష్టం ఎంత? లేత కంది మొక్కలు కొన్ని కొరుకుతుంది. పంటను నిజంగా దున్నేసేది అడవిపంది. దాని సంగతీ, దాని కోసం మనవాళ్లు లాగుతున్న కరెంటు తీగల సంగతీ వేరే రాయాలి.

మన పెద్దలు సెవులపిల్లిని ఎలా పట్టేవారో నేటి పిల్లలకు తెలియదు. వాలు దిగే చోట మోకాలెత్తు వల కట్టేవారు. వల దగ్గర ఇద్దరు ముగ్గురు కదలకుండా కూర్చునేవారు. మిగతా ఊరంతా, పిల్లలతో సహా, కర్రలతో పొదలు కొడుతూ, కుక్కల్ని ఉసిగొల్పుతూ పైనుంచి దిగేది. ఇరవై మంది ఉంటే గాని వేట సాగదు. దొరికితే వాటాలు పంచేవారు. వల ఉన్నవాడికి ఒకటి, మొదట చూసినవాడికి ఒకటి, కుక్క ఉన్నవాడికి ఒకటి, వేటకు రాలేని ముసలమ్మ ఇంటికి ఒకటి. మూడు కేజీలైనా తూగని జంతువు అన్ని ఇళ్లకు వెళ్లేది. ఒక్కొక్కరికి రెండు ముక్కలే వచ్చేవి, ఎవరూ సణిగేవారు కాదు. పక్కన విశాఖ మన్యంలో చైత్రంలో చేసే ఇటుకల పండుగలో ఈనాటికీ మగాళ్లు గుంపుగా వేటకు వెళతారు, వట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు ఆటపట్టిస్తారు. వట్టి చేతులతో రావడం కూడా వేటలో భాగమే.

తుపాకీకి ఇరవై మంది అక్కర్లేదు. ఒక్కడు చాలు, వాడికి పగలు కూడా అక్కర్లేదు. రాత్రి నుదుటికి లైటు కట్టుకుని పోతాడు. వెలుగు పడితే సెవులపిల్లి బిత్తరపోయి నిలబడిపోతుంది, కళ్లు మెరుస్తాయి. వాడు కాల్చేది ఆ మెరుపును. ఆ మెరుపు మేకది కావచ్చు, దూడది కావచ్చు, ఇప్ప చెట్టు కింద కూర్చున్న ఇంకో వేటగాడి లైటూ కావచ్చు. వేటకు వెళ్లి తోటివాడి తూటాకు పోయాడు అనే వార్త మన్యం జిల్లాల పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదు? చంపినవాడూ చచ్చినవాడూ చాలాసార్లు ఒకే ఊరివాళ్లు, బావా బావమరుదులు. నాటు తుపాకీ గొట్టం ఏ పైపుతో చేశారో కొన్నవాడికి తెలియదు. అది పేలితే ముందుకే పేలుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. గుండు తగిలిన మాంసంలో సీసం ముక్కలుంటాయి. సీసం విషం, పిల్లల మెదడుకు మరీను. ఎయిర్ గన్ అయితే చాలాసార్లు చంపదు, గాయం చేస్తుంది. జంతువు పొదలో దూరి రెండు రోజులకు చస్తుంది. దాన్ని తినేది నక్క.

ఇంతకీ ఆ మాంసం ఎక్కడికి పోతోంది? ఊళ్లో వాటాలు లేవు. మైదానం నుంచి బైకు మీద వచ్చేవాడు ముందురోజే ఫోను చేసి చెబుతాడు. డబ్బు ఇస్తాడు, సంచిలో వేసుకుపోతాడు. విందు వాళ్లది. పట్టుబడితే జైలు మనది. దీనికి వేట అని పేరు పెట్టకండి. చింతపండు, అడ్డాకు అమ్మినట్టే ఇదీ సరఫరా. తేడా ఏమిటంటే చింతపండుకు జీసీసీ ఉంది, దీనికి కోర్టు ఉంది.

కోర్టు అన్నాను కాబట్టి చట్టం చెబుతాను, ఉపాధ్యాయులు ఇది పిల్లలకు చదివి వినిపించాలి. ఆయుధాల చట్టం 1959 నాటిది. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంటే 2 ఏళ్లకు తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు. తయారుచేస్తే 7 ఏళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా. 1972 వన్యప్రాణి చట్టం కింద సెవులపిల్లిని కొట్టడమే నేరం, దేనితో కొట్టినా. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్ అక్కడ కాపాడదు. 2020లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేశాక మన పిల్లలకు ఉన్న ఉద్యోగాలే తక్కువ. వాటికి కూడా పోలీసు కేసు అడ్డం.

"మరి కొడగువాళ్లకు తుపాకులున్నాయి కదా?" అని ఒక తమ్ముడు అడిగాడు. తెలివైన ప్రశ్నే. కర్ణాటకలోని కొడవలకు 1861 నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది, కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. కానీ ఆ తుపాకీతో వాళ్లు కూడా సెవులపిల్లిని కొట్టకూడదు. మనం చూడాల్సింది కొడగును కాదు, నికోబారును. అక్కడి షెడ్యూల్డు తెగలకు 1967లో ఇచ్చిన వేట హక్కును వన్యప్రాణి చట్టమే 65వ సెక్షన్లో కాపాడింది. నికోబారులో ఉన్న హక్కు సీతంపేటలో, కురుపాంలో ఎందుకు లేదు? 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుంటూ, వేట దగ్గరకు వచ్చేసరికి "అది తప్ప" అంది. తేనె మీది, ఆకు మీది, వేట మీది కాదు! ఈ "తప్ప" మీద మన సంఘాలు గట్టిగా మాట్లాడిందీ లేదు. మాట్లాడాలి. కాని ఊరు ఊరంతా వలతో వెళ్లే వేటను చూపించి అడగగలం గాని, రాత్రిపూట ఒంటరిగా కాల్చి బైకువాడికి అమ్మేదాన్ని చూపించి ఏ మొహంతో అడుగుతాం?

అడవిని ఖాళీ చేసింది ఆదివాసీలే అని అధికారులు అంటే మాత్రం ఊరుకోకండి. 1936లో ఇంగ్లండుకు మన క్రికెట్ జట్టును తీసుకెళ్లిన విజయనగరం రాజకుమారుడు విజ్జీ మూడు వందలకు పైగా పులులను కొట్టాడని ప్రతీతి. ఆయన పేరు స్టేడియం మీద ఉంది.

తుపాకీ మగతనం అనేవాళ్లకు ఒక్క మాట. 1922లో అల్లూరి వెంట చింతపల్లి ఠాణా మీద పడి తుపాకులు తీసుకున్న మన్యంవాళ్లు వాటిని సెవులపిల్లి కోసం తీసుకోలేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గిరిజన సంఘం సభకు వెళుతున్న కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర కాల్చి చంపింది భూస్వాముల మనుషులు. ఆ రోజు తుపాకీ ఎవరి చేతిలో ఉందో, ఎవరి చేతిలో లేదో మన పిల్లలకు చెప్పకుండా, తుపాకీ మన వారసత్వం అని రాస్తారా?

ఉపాధ్యాయ మిత్రులకు చిన్న పని. అక్షరాల చార్టులో కుందేలు బొమ్మ చూపించి "కు" దగ్గర ఆగిపోకండి. సవరలో, కువిలో దాన్ని ఏమంటారో, అడుగుజాడను, పడుకున్న గడ్డి గుంటను ఏమంటారో పిల్లల చేత ఇంట్లో అడిగించి తెలుగు లిపిలో రాయించండి. వల అల్లడం వచ్చినవాళ్లు మా చుట్టుపక్కల ఇంకా కొందరున్నారు, అందరూ అరవై దాటినవాళ్లే. ఒక శనివారం ఒకరిని బడికి పిలవండి. హెడ్‌మాస్టారు భయపడితే వాలీబాల్ నెట్ అల్లిస్తున్నామని చెప్పండి. ముడి ఒకటే.