బ్యాటొక్కటే యాట కాదు

మన తొండూరు విద్యార్థులలో బ్యాటు పట్టుటకు పోటీ మెండు. బంతి వేయుటకును, పరుగెత్తి తెచ్చుటకును ముందునకు వచ్చువారు కొందఱే. వీరు కొఠారి కనకయ్య నాయుడుగారి చరిత్రమును గమనింపవలెను. 1895లో నాగపురమునందు తెలుగు కుటుంబమున జన్మించిన వీరు, 1926లో బొంబాయియందు ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసిరి. లోకము తలఁచునది దీనినే. కాని 1932లో భారతదేశపు మొదటి టెస్టునకు నాయకులై ఇంగ్లండునకు వెళ్లిన యాత్రలో, 1,618 పరుగులతోపాటు 65 వికెట్లును తీసిరి. లార్డ్సు మైదానమున చేయి గాయపడియు, మొదటి ఇన్నింగ్సులో మనవారందఱికన్న నెక్కువగా 40 పరుగులు చేసిరి. అరువదియేండ్లు దాటిన పిమ్మట, 1956-57లోను, రంజీ పోటీలలో ఆడిరి. జట్టునకు కావలసిన పనియెల్ల తన పనియే యనుకొనువాఁడే నిజమైన ఆటగాఁడు. విద్యార్థులారా, రేపటి యాటలో మొదట బంతి నడుగుఁడు.