ఆ కాగితం మీద ఆమె చేత ఎందుకు రాయించారు?

రాష్ట్ర హోం మంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారికి,

మీరూ ఒకప్పుడు పంతులమ్మగా పనిచేసినవారే కనుక, నా బాధ మీకు అర్థమవుతుందని రాస్తున్నాను. మొన్న సోమవారం, నా దగ్గర చదువుకున్న అమ్మాయికి తోడుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఆమె విడాకుల కేసు కోర్టులో నడుస్తోంది. భర్త రాత్రిపూట ఆమె పుట్టింటి గేటు ముందుకొచ్చి, "విడాకులు కావాలా నీకు? నిన్ను చంపి జైలుకి పోతాను" అని వీధంతా వినేలా అరుస్తున్నాడు. ఫిర్యాదులో ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసింది.

ఎస్సై గారు చదివారు. "భార్యాభర్తల గొడవేనండి, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది" అని, అతన్నీ పిలిపించి ఇద్దరినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. అరగంట మాట్లాడి, "ఇకపై గొడవ పడము" అని తెల్లకాగితం మీద రాయించి ఇద్దరి సంతకాలూ తీసుకున్నారు. అరిచింది అతనైతే, "గొడవ పడము" అని ఆమె చేత ఎందుకు రాయించారమ్మా? సంతకం పెడుతుంటే ఆ పిల్ల చెయ్యి వణికి, పేరు చివరి అక్షరం గీత దాటి పోయింది. బయటికొచ్చేసరికి మా ఆటో పక్కనే అతను బండి మీద కూర్చుని ఉన్నాడు. ఇంటిదాకా ఆ బండి మా వెనకే వచ్చింది.

2023 ఆగస్టు 6 తెల్లవారుజామున రావులపాలెం దగ్గర గౌతమి పాత వంతెన మీద జరిగింది మీకు తెలియనిది కాదు. భర్తకు దూరమైన ఒక తల్లినీ, ఇద్దరు కూతుళ్లనూ, ఆమెతో కలిసి ఉంటున్నవాడే గోదావరిలోకి తోసేశాడని కేసు. పెద్దపిల్ల వంతెన పైపు పట్టుకుని వేలాడుతూ, ఫోన్‌లో 100కి చెప్పుకుంది. పోలీసులొచ్చి పైకి లాగారు. అది విడాకుల కేసు కాదు, నిజమే. అయినా ఆ బండి చప్పుడు వెనక వింటున్నంతసేపూ నాకు ఆ వంతెనే కళ్లముందు ఆడింది. ఆ రోజు వచ్చిన పోలీసులకు అందరితోపాటు నేనూ దణ్ణం పెట్టాను. వంతెనకు వేలాడే పిల్ల పిలిస్తే పరుగెత్తుకొచ్చిన శాఖ, చంపుతానంటున్నాడని ముందే రాసిచ్చిన పిల్ల మాట వినదా?

2005 గృహహింస చట్టం ప్రకారం రక్షణ ఉత్తర్వు కోరవచ్చని, రక్షణాధికారి ఉంటారని, ఉచిత న్యాయసాయం దొరుకుతుందని ఫిర్యాదు అందుకున్న పోలీసులు బాధితురాలికి చెప్పాలి. దరఖాస్తు పెడితే మామూలుగా 3 రోజుల్లో తొలి విచారణ జరగాలి, 60 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. ఆ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు. ఆ అరగంటలో ఇందులో ఒక్కటైనా ఎందుకు చెప్పలేదు? ఆడవాళ్ల రక్షణ కోసమని రాష్ట్రంలో తొలి దిశ పోలీస్ స్టేషన్ 2020 ఫిబ్రవరిలో మా రాజమహేంద్రవరంలోనే తెరిచారు. అందుకోసమే మీ ప్రభుత్వం శక్తి యాప్ తెచ్చింది. ఇన్ని వచ్చాక కూడా చంపుతానన్న మాటను కేసుగా రాసేదెవరు? ఏదైనా జరిగాక, ఈ సంతకాల కాగితానికి జవాబు చెప్పేదెవరు?

ఆ అమ్మాయి విడాకుల కేసు వాయిదాకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. రాత్రిళ్లు వాళ్లింట్లో లైట్లు ఆర్పడం లేదు. దయచేసి ఈలోగానే ఏదో ఒకటి చేయండమ్మా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
కోనసీమ