తీరమున నుండువాడును నావికుడే

ఈ సంవత్సరము మా పాఠశాల పూర్వవిద్యార్థులలో కొందరు యువకులు ఒక కోరికతో మాయొద్దకు వచ్చిరి. నాగాయలంకనుండి తెరచాప పడవపై నదివెంబడి సముద్రమునకు దిగి, దివిసీమ తీరమును చుట్టి, హంసలదీవి మొగను దాటి మచిలీపట్నము చేరవలెనని వారి సంకల్పము. తమతో ఉపాధ్యాయులలో ఒకరిద్దరు రావలెననియు, పాఠశాల పెద్దలు ఈ ప్రయాణమును ఆశీర్వదింపవలెననియు వారు కోరిరి. ఈ మాట ఊరిలో పొక్కినది మొదలు రెండు పక్షము లేర్పడినవి. మగ్గముల చప్పుడేగాని అలల చప్పు డెరుగని మంగళగిరి పిల్లలకు సముద్రముతో పనియేమని ఒక పక్షమువారు. అందరి జేబులలోను టెలిఫోనులుండగా భయమేమని రెండవ పక్షమువారు. ఈ రెండు మాటలును మాకు సరిపడలేదు. ఏల సరిపడలేదో ఈ పుటలలో విన్నవింప దలచితిమి.

మొదటి పక్షమువారికి మా మనవి యిది. నీటిప్రయాణము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మన కొండకు కూతవేటు దూరమున ననదగిన సీతానగరముకడ కృష్ణ పడమటికాలువ బయలుదేరుచున్నది. ఆ నీరు దుగ్గిరాలమీదుగా కొమ్మమూరు కాలువయై దక్షిణమునకు సాగి, పెదగంజాముకడ బకింగుహాము కాలువతో కలియును. కాకినాడనుండి బెజవాడమీదుగా చెన్నపట్నమువరకు సరకుపడవలు ఈ మార్గముననే నడచిన దినములు గలవు. 1611వ సంవత్సరమున ఆంగ్లేయుల గ్లోబు అను ఓడ మన నిజాంపట్నపు తీరమునకు, అటుపిమ్మట మచిలీపట్నమునకు వచ్చి చేరెను. నీరు మనలను మరచిపోలేదు. మనమే నీటిని మరచితిమి. మరచినదానిని మరల నేర్చుకొన గోరు యువకులను వెనుకకు లాగుట ఉపాధ్యాయులకు తగదు.

రెండవ పక్షమువారికి మాత్రము మా అనుభవ మొకటి చెప్పవలసియున్నది. కొన్ని యేండ్లక్రిందట మేము నలుగురు ఉపాధ్యాయులము సెలవుదినమున నాగాయలంకకు పోయి, పడవ కుదుర్చుకొని, మడ అడవులు చూచుటకు బయలుదేరితిమి. సాయంకాలమునకు వచ్చెదమని మాత్రము ఇండ్లలో చెప్పితిమి. ఏ పాయలో పోవుదుమో, ఏ వేళకు మరలుదుమో ఎవరికిని చెప్పలేదు. మాకే తెలియదు గనుక చెప్పుటకు వీలును లేకపోయెను. పక్షులను చూచుచు, మాటలలో పొద్దు మరచి, మధ్యాహ్నపు పోటు తగ్గ మొదలిడిన తర్వాతను ముందుకే పొమ్మని సరంగును తొందర పెట్టితిమి. సన్నని పాయలో పడవ ఇసుక మేటపై కూర్చుండెను. గెడవేసి త్రోసినను, దిగి భుజములతో నెట్టినను కదలలేదు. పోటుకును పోటుకును నడుమ పండ్రెండుగంటల ఇరువదియైదు నిమిషములు పట్టునని తరగతిలో ఎన్నిమారులో బోధించినవారము ఆ పాఠమును ఆ రాత్రి మోకాటిలోతు బురదలో నిలిచి నేర్చుకొంటిమి.

నలుగురి జేబులలోను టెలిఫోనులు గలవు. ఒక్కదానికిని సంకేత మందలేదు. వెదకి వెదకి, చీకటిపడునప్పటికి మూడింటిలో విద్యుత్తు అయిపోయెను. మాలో ఒకరి తల్లిగారు గుండెజబ్బు మనిషి; ఆమెను తలచుకొని ఆయన రాత్రియెల్ల కూర్చుండియే యుండెను. సరంగుమాత్రము గోనెపట్టా కప్పుకొని నిద్రకు సిద్ధమయ్యెను. నీకు దిగులు లేదా యని యడుగగా అతడు, “ఇంట్లో చెప్పొచ్చానండి మాస్టారూ. ఫలానా పాయలోకి పోతున్నాం, దీపాలవేళకి రాకపోతే తెల్లవారుజాము పోటుకి తమ్ముణ్ణి పంపమని” అనెను. తెల్లవారకముందే మరియొక పడవదీపము ఆ పాయ మలుపున కనబడెను. తమ్ముడు వచ్చెను, త్రాడు వేసెను, పోటుతో పడవ లేచెను. మా ఇండ్లవారు ఆ రాత్రి మూడు ఠాణాలకు టెలిఫోను చేసిరిగాని, ఎక్కడ వెదకవలెనని యడిగినప్పుడు ఒక్కరును బదులు చెప్పలేకపోయిరి. తప్పంతయు మాదే. చదువుకొన్న నలుగురము తీరముతో సంబంధము తెంచుకొని పోతిమి. చదువుకొనని సరంగు ఒక్కమాటతో దానిని నిలుపుకొనెను.

అప్పటినుండి మేమొక సంగతి గట్టిగా నమ్ముచున్నాము. మనమున్న చోటు మనకు తెలియుట వేరు. అది ఇతరులకు తెలియుట వేరు. తెలిసినవాడు మేలుకొనియుండుట మరియు వేరు. యంత్రములు మొదటి రెంటిని చేయగలవు. మూడవది మనుష్యుడే చేయవలెను.

దీనికి లోకమెరిగిన నిదర్శనము టైటానిక్ ఓడ. 1912 ఏప్రిల్ 14వ తేది రాత్రి ఆ యోడ మంచుకొండను తాకి, ఆపదవార్తను తంతిలేని యంత్రముతో పంపసాగెను. చేరువలోనే కాలిఫోర్నియన్ అను మరియొక ఓడ నిలిచియుండెను. దానిలోను అటువంటి యంత్రమే కలదు. కాని దానిని నడపు ఒకే ఒక్క ఉద్యోగి కొద్దిసేపటిక్రిందటనే యంత్రము నాపి పరుండెను. దూరమున నున్న కార్పేతియా ఓడలోని ఉద్యోగి ఇంకను నిద్రపోకుండుటచేత ఏడువందలమందికి పైగా బ్రదికిరి. పదునేనువందల మంది మునిగిపోయిరి. నావలయందు రాత్రింబవళ్లు వినుచుండువారు ఉండవలెనను కట్టుబాటు ఆ పిమ్మట వచ్చెను. పిలుచు నోరున్నంతమాత్రమున చాలదు. వినుచెవియు మేలుకొని యుండవలెను.

అంతదూర మేల? మన దివిసీమయే సాక్ష్యము. 1977 నవంబరు 19వ తేదీని వచ్చిన ఉప్పెనలో సుమారు పదివేలమంది ప్రాణములు పోయినవి. తుపాను వచ్చుచున్నదని వాతావరణశాఖవారికి తెలిసియే యుండెను. ఆ వార్త పల్లెపల్లెకును చేరి, జనులను కదిలింపవలసిన విధమున కదిలింపలేదు. 1990 మే 9వ తేదీని మరల ఒక ప్రచండమైన తుపాను కృష్ణ ముఖద్వారమునకు చేరువనే తీరము దాటెను. ఆ మారు లక్షలకొలది జనులను ముందుగా మెరకప్రదేశములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. గాలి తగ్గినందున గాదు, మాట అందినందున ఇన్ని ప్రాణములు దక్కినవి.

నడిసముద్రమున నున్నవారికి మాట యందించుట ఇంకను కష్టము. తీరమునుండి పది పండ్రెండు కిలోమీటర్లు దాటినచో జేబు టెలిఫోను సాధారణముగా మూగవోవును. 2017లో వచ్చిన ఓఖీ తుపానునాడు, వేటకై దూరముపోయిన కేరళ తమిళనాడుల బెస్తవారికి హెచ్చరిక చేరక పలువురు మడిసిరి. ఆ దుఃఖమునుండియే ‘జెమిని’ అను చిన్న యంత్రము పుట్టెను. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రమువారి హెచ్చరికలను ఉపగ్రహముద్వారా గ్రహించి, పడవలోని టెలిఫోనుకు అందించుటకు 2019లో దానిని వాడుకలోనికి తెచ్చిరి. అయితే అది వినిపించునేగాని మన మాట తీసికొనిపోదు. ఆపదలో తీరమునకు వార్త పంపుటకు అంతరిక్ష పరిశోధన సంస్థవారు వేరొక యంత్రమును చేసియుండిరి; 2024లో దాని రెండవ తరమును వెలువరించిరి. ఈ క్రొత్త యంత్రమునకు నీ మొర వింటిమి అను బదులు తీరమునుండి వచ్చును. ఆ బదులునకు ఎంత విలువయో, బురదలో రాత్రి గడపినవారి నడుగవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక యవసరము. విదేశములనుండి ఉపగ్రహ టెలిఫోను తెప్పించి వాడుదమని యువకులలో ఒకరనిరి. అనుమతి లేక అట్టి టెలిఫోనును దగ్గరనుంచుకొనుటయు వాడుటయు మన దేశమున నేరము. మంచిపనికైనను చట్టము తప్పరాదు.

సరియైన సిద్ధపాటుతో సముద్రముమీదికి పోవుట సాహసమేగాని తెగింపు గాదని మన తెలుగు ఆడబిడ్డలే చూపిరి. 2017 సెప్టెంబరు 10వ తేదీని గోవానుండి బయలుదేరి, తారిణి యను ఏబదియైదడుగుల తెరచాప నావపై భూమండలమును చుట్టి, 2018 మే 21వ తేదీని తిరిగివచ్చిన ఆరుగురు నౌకాదళ స్త్రీలలో విశాఖపట్నపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య అనువారు ఇరువురు కలరు. వారు దినదినము సముద్రపు స్థితిగతులను వ్రాసి మన వాతావరణశాఖకు పంపుచు వచ్చిరి. అదే 2018 సెప్టెంబరు నెలలో, ఒంటరిగా భూమిని చుట్టు పందెమున పోవుచున్న అభిలాష్ టామీ అను నావికుని నావ దక్షిణ హిందూమహాసముద్రమున కొయ్య విరిగి, ఆయన వెన్ను దెబ్బతిని లేవలేకపోయెను. చిన్న యంత్రముతో క్లుప్తముగా వార్త పంపగలిగెను. ఆయన యున్న తావు ఒడ్డునవారికి తెలియుచుండెను. మూడవదినమున ఫ్రెంచివారి ఓడయొకటి ఆయనను చేరి రక్షించెను.

కాబట్టి మా యభిప్రాయము స్పష్టము. ఈ ప్రయాణమునకు అనుమతి నీయవలెను. కాని కొన్ని నియమములతో నీయవలెను. పదునెనిమిదేండ్లు నిండినవారే పడవ యెక్కవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకును, మరల ఏప్రిల్ మే నెలలయందును బంగాళాఖాతమున తుపానులు పుట్టును గనుక జనవరి ఫిబ్రవరులలోనే పోవలెను. ఆ తీరపు ఇసుకమేటలు ఏటేట చోటు మార్చుకొనును. పటమును నమ్మక, అచ్చటనే పుట్టిపెరిగిన బెస్త సరంగును కుదుర్చుకొని, అతని మాటనే తుదిమాటగా నెంచవలెను. మడ అడవి రక్షితప్రదేశము గనుక అటవీశాఖవారి అనుమతి ముందుగా పొందవలెను.

ఇక తీరముతో సంబంధము. ఒక కాగితముమీద పడవరంగు, ఎక్కినవారి పేర్లు, పోవు మార్గము, ఆగు తావులు, మరలు వేళ వ్రాసి, ఒక ప్రతిని తీరపు పోలీసు ఠాణాలోను, ఒక ప్రతిని పాఠశాలలోను ఉంచవలెను. ఉదయమొకమారు, సాయంకాలమొకమారు క్షేమవార్త పంపవలెను. ఒక వేళ తప్పినచో ఎంతసేపు ఓపిక పట్టవలెను, రెండవ వేళయు తప్పినచో ఎవరికి చెప్పవలెను అను సంగతి బయలుదేరకముందే నిర్ణయించుకొనవలెను. భయము పుట్టిన తర్వాత ఆలోచన సాగదు. తీరరక్షకదళమువారి 1554 అను సంఖ్య అందరికిని కంఠస్థము కావలెను. పడవలో జేబు టెలిఫోనులుగాక, అనుమతిగల వీ.హెచ్.ఎఫ్. రేడియో ఒకటి యుండవలెను. ఆపదలో పిలుచుటకు దానిలో 16వ మార్గము ప్రత్యేకింపబడినది. టెలిఫోనులలో ఒకదానిని నీరు చొరని సంచిలో ఆపియుంచి, అవసరమునకే తీయవలెను. చేరిన వెంటనే చేరితిమని చెప్పుట మరువరాదు. ఆ యొక్కమాట మరచుటచేత క్షేమముగా నున్నవారికొరకు ఇతరులు తమ ప్రాణములొడ్డి వెదకవలసివచ్చును.

పాఠశాలలోని ప్రతిని ఎవరు చూచుచుందురు? ఇది మా ముఖ్యమైన సూచన. పదవ తరగతి విద్యార్థులను వంతులవారీగా, ఒక ఉపాధ్యాయునితోగూడ, ఆ పనికి నియమింపవలెను. వారు గోడమీది పటమున పడవ యున్న చోటు గుర్తించుచు, వచ్చిన వార్తను వేళతోసహా పుస్తకమున వ్రాయుచు, రాని వార్తకొరకు కనిపెట్టుచుందురు గాక. పడవ యెక్కినవారికి కీర్తి దక్కును. ఒడ్డున మేలుకొన్నవానిని ఎవరు తలంతురని బాలురు చిన్నబుచ్చుకొనవచ్చును. ఆ రాత్రి మమ్ము కాపాడినది పడవలోని నలుగురు పండితులు కారనియు, ఇంటిలో వేళ లెక్కించుకొనుచు కూర్చున్న సరంగు భార్యయనియు వారికి మేము చెప్పెదము.

తలిదండ్రులారా, మీ భయము ప్రేమనుండి పుట్టినదని మే మెరుగుదుము. కాని పిల్లలను ఒడ్డున కట్టివేయుటకంటె, పోవునప్పుడు చెప్పిపోవు అలవాటును వారికి నేర్పుట మేలు. ఈ యలవాటు సముద్రమునకే గాదు; హైదరాబాదుకు చదువుకొనబోవు వానికిని, దేశాంతరము పోయి కొలువుచేయు వానికిని కావలసినదే. ఎంతమంది తల్లులు ఆదివారపు సాయంకాలము టెలిఫోను ఒడిలో పెట్టుకొని కూర్చుండుటలేదు!

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమున, కాలము మించినది, ప్రయాణము వలదని పౌలు చెప్పిన మాటను శతాధిపతి వినక, నావికుని మాటను నావయజమానుని మాటను నమ్మెను. నావ పోయెను. అయినను లోతు కొలుచుచు, లంగరులు వేయుచు, ఒకరి నొకరు విడువక యుండుటచేత ఇన్నూట డెబ్బదియారుగురును ఒడ్డు చేరిరి. మన యువకులు మంచి కాలమున, మంచి మాట విని, పోయి రావలెనని మా ప్రార్థన. వారు మచిలీపట్నము చేరిన దినమున, మన పాఠశాల పుస్తకములో ఒక బాలుడు వేళ చూచి ‘చేరిరి’ అని వ్రాయును. ఆ యొక్కమాట వ్రాయువరకు ఈ ప్రయాణము ముగిసినట్లు గాదు.